పట్టు అనిపించుకునేది ఏది?
ఒక మాట చుట్టూ పెరిగిన వాదాలు: ఒక సమీక్ష

పెళ్లిళ్ల రోజుల్లో బట్టల దుకాణాల్లో వినిపించినన్ని పేర్లు పట్టుకు తప్ప మరే బట్టకూ లేవు. ప్యూర్ పట్టు, సెమీ పట్టు, సాఫ్ట్ సిల్క్, ఆర్ట్ సిల్క్, లిచీ సిల్క్, కుబేర పట్టు, టస్సర్, సీకో అంటూ జాబితా ఏటా పెరుగుతూనే ఉంది. వీటిలో కొన్ని పురుగు కట్టిన గూటి నుంచి వచ్చినవి, కొన్ని కలప గుజ్జు నుంచి, కొన్ని పెట్రోలియం నుంచి వచ్చినవి. కొన్ని పేర్లు దారాన్ని చెబుతాయి, కొన్ని నేతను, కొన్ని ఊరిని. మరికొన్ని మెరుపు తప్ప ఇంకేమీ చెప్పవు.

నూలు విషయంలో ఇంత గందరగోళం లేదు. నూలంటే పత్తి. ఉన్ని అంటే జంతువుల బొచ్చు. పట్టు మాత్రం ఒకేసారి దారం పేరు, బట్ట పేరు, గౌరవం పేరు కూడా అయింది. అందుకే జీవశాస్త్రజ్ఞుడు, నేతగాడు, న్యాయవాది, పూజారి, దుకాణదారు ఈ మాటను తలా ఒక అర్థంలో వాడుతున్నారు. వారి మధ్య వాదం పాతదే. రేయాన్ వచ్చాక అది చిక్కుపడింది. ప్రయోగశాలల్లో ప్రోటీన్ దారాలు తయారవుతున్న ఈ రోజుల్లో ఇంకో ముడి పడుతోంది. ఎవరి వాదం ఏమిటో, ఏది తేలిందో, ఏది తేలలేదో విడదీసి చూడవలసిన సమయమిది.

కౌశేయం నుంచి పట్టు దాకా

భారతీయ నిఘంటుకారులు బట్టలను పుట్టుకను బట్టి విభజించారు. అమరకోశంలో ఆ విభజన స్పష్టంగా ఉంది: నారతో చేసినవి క్షౌమం వంటివి, కాయ నుంచి వచ్చినది పత్తిబట్ట, పురుగు గూటి నుంచి వచ్చినది కౌశేయం, జంతువుల రోమాలతో చేసినది రాంకవం. కోశం అంటే గూడు, దాని నుంచి పుట్టింది కౌశేయం. ఆ మాట ఏర్పడే తీరుకు పాణిని తన వ్యాకరణంలో ఒక సూత్రమే కేటాయించాడు. అంటే మెరుపునూ మెత్తదనాన్నీ పక్కనపెట్టి, పుట్టుకనే ప్రమాణంగా తీసుకున్న నిర్వచనం మనకు ఎప్పుడో ఉంది.

చిక్కు పక్క మాటలతో మొదలైంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కౌశేయంతో పాటు చీనపట్టం, పత్రోర్ణం కూడా వస్తాయి. పత్రోర్ణం అంటే ఆకు ఉన్ని. నాగవృక్షం, పనస జాతి లికుచం, పొగడ, మర్రి చెట్ల మీద దొరికే ఈ దారం పసుపు, గోధుమ, తెలుపు, వెన్న రంగుల్లో ఉంటుందని ఆ గ్రంథం చెబుతుంది. ఇది అడవి పట్టేనని చాలామంది పండితుల అభిప్రాయం. అమరకోశమేమో పత్రోర్ణాన్ని ఉతికిన కౌశేయంగా చెప్పింది. దుకూలం సంగతీ అంతే. అమరకోశం దాన్ని నారబట్ట అయిన క్షౌమంతో జతచేసింది, తర్వాతి కావ్యభాషలో అది పట్టుచీరకు పర్యాయపదమైపోయింది. చీనపట్టం అన్న మాటైతే గ్రంథకాలం మీదే వివాదం తెచ్చింది. చీనా అనే పేరు క్రీ.పూ. 221లో ఏకచ్ఛత్రాధిపత్యం స్థాపించిన చిన్ వంశం నుంచి వచ్చిందనుకుంటే, అర్థశాస్త్రంలోని ఆ భాగం మౌర్య చంద్రగుప్తుడి నాటిది కావడం కష్టమని కొందరు వాదించారు. తెలుగులో చీని చీనాంబరాలు అన్న పలుకుబడి ఆ పాత వర్తకపు జ్ఞాపకమే.

తెలుగు వాడే ‘పట్టు’ సంస్కృతంలోని ‘పట్ట’ నుంచి వచ్చింది. పట్ట అంటే మొదట ఒక్క పట్టుబట్టే కాదు. పలక, శాసనం చెక్కిన రేకు, తలకు చుట్టే పట్టీ, గుడ్డ పేలిక కూడా పట్టలే. పట్టం కట్టడం, పట్టాభిషేకం, భూమి పట్టా ఆ కుటుంబానివే. దశపురానికి, అంటే నేటి మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌కు, లాటదేశం నుంచి వలస వచ్చిన పట్టు నేతగాళ్ల శ్రేణి 437లో సూర్యాలయం కట్టించి 473లో బాగుచేయించింది. ఆ శాసనం నాటికి పట్టం అన్న మాట పట్టు నేతకు స్థిరపడిందని తెలుస్తుంది. కౌశేయం అనగానే గూడు గుర్తొస్తుంది. పట్టం అనగానే బట్ట, దానితో పాటు హోదా గుర్తొస్తాయి. తెలుగు ఈ రెండో మాటను ఎంచుకోవడంతో పురుగు ప్రస్తావన పేరులోంచి జారిపోయింది.

చైనా భాష ఇందుకు భిన్నంగా నడిచింది. అక్కడ పట్టుదారానికి ‘స’, సాదా నేత బట్టకు ‘చౌ’, నున్నని శాటిన్‌కు ‘దువాన్’, రంగుల బుటాల నేతకు ‘జిన్’ అని వేర్వేరు మాటలున్నాయి. దారాన్నీ బట్టనూ ఒక్క పేరుతో పిలిచే భాషల్లో వచ్చే తగాదాల్లో సగం అక్కడ పుట్టే వీలు తక్కువ. చైనాకు దూరంగా ఉన్నవారికి మాటే కాదు, వస్తువు కూడా అయోమయమే. రోమన్ రచయిత ప్లినీ, తూర్పున ఉన్న సేరెస్ ప్రజలు చెట్ల ఆకుల నుంచి దువ్వి పట్టు తీస్తారని నమ్మాడు.

మొదటి వాదం: పురుగే ప్రమాణం

ఈ పక్షం వారికి పట్టంటే కీటకం తన గూటికోసం స్రవించే ప్రోటీన్ దారం. దాని లోపలి పోగు ఫైబ్రాయిన్, పై జిగురు సెరిసిన్. మల్బరీ ఆకు తిని పెరిగే బాంబిక్స్ మోరీ పురుగు గూటిలో జిగురు సుమారు నాలుగో వంతు ఉంటుంది. దాన్ని వేడి సబ్బునీటిలో ఉడికించి తీసేస్తేనే మెరుపు బయటపడుతుంది. పోగు అడ్డుకోత ఇంచుమించు ముక్కోణంగా ఉండటం వల్ల వెలుగు పలకల మీద పడి విరుగుతుంది. పట్టు తళుకుకు అదే మూలం.

ఈ పక్షంలోనే రెండు పాయలున్నాయి. ఇరుకు పాయకు మల్బరీ పట్టే అసలైనది, మిగతావన్నీ విశేషణం తగిలించుకోవలసినవే. మన దేశంలో ఉత్పత్తయ్యే ముడి పట్టులో నాలుగింట మూడు వంతులకు పైగా మల్బరీదే కాబట్టి వాడుక ఈ పాయ వైపే ఉంది. హిందూపురం గూళ్ల మార్కెట్లో, ధర్మవరం మగ్గాల మీద పట్టు అనే మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

వెడల్పు పాయ దసలి (టస్సర్), ఎరీ, మూగాలను సమాన హోదాతో కలుపుకుంటుంది. మంచిర్యాల జిల్లా చెన్నూరు ప్రాంతపు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పురుగు, ఆముదపు ఆకు తినే ఎరీ, ప్రధానంగా అస్సాంలో పెరిగి సహజమైన బంగారు రంగుతో మెరిసే మూగా ఈ లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ మల్బరీ పురుగుకు దూరపు చుట్టాలే. దసలి పోగు చదునుగా పట్టీలా ఉంటుంది, ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరస కూడా వేరు. అందుకే దాని మెరుపు మసకగా, చేతికి కాస్త గరుకుగా తగులుతుంది. ఇది తక్కువ రకం పట్టు కాదు, మరో రకం పట్టు అన్నది ఈ పాయ వాదం.

చరిత్ర కూడా ఈ పాయకే బలం ఇస్తోంది. హరప్పా, చన్హుదారో తవ్వకాల్లో దొరికిన వస్తువులకు అంటుకున్న పోగులు పట్టువేనని 2009లో పరిశోధకులు ప్రకటించారు. సుమారు నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ పోగుల్లో అడవి జాతి పురుగుల లక్షణాలే కనిపించాయి. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ కూడా ఇక్కడి కౌశేయం అడవి పురుగుల నుంచి వస్తుందని రాశాడు. మల్బరీ పట్టు లేకముందు నుంచీ ఈ నేల మీద పట్టు ఉందన్నమాట.

రెండో వాదం: దారం తీసిన తీరే ప్రమాణం

పురుగు ఒకటే అయినా దారం ఒకటే కాదంటారు రీలింగ్, నేత పనివారు. గూటిని వేడినీటిలో నానబెట్టి కొస పట్టుకుని తీస్తే వందల మీటర్ల పోగు తెగకుండా వస్తుంది. అలా తీసినదే వారి దృష్టిలో మేలైన పట్టు. తెగిన గూళ్ల నుంచి, రీలింగ్‌లో మిగిలిన వ్యర్థం నుంచి పత్తిలా వడికితే వచ్చేది స్పన్ సిల్క్. రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడితే ముడులు ముడులుగా వచ్చేది డుపియన్. ఎరీ గూటికి సహజంగానే ఒక కొస తెరిచి ఉంటుంది, అందువల్ల అది ఎప్పుడూ వడికే పట్టే. రసాయనశాస్త్రం వీటన్నిటినీ ఒక్క గాటనే కడుతుంది. ధరలో, మన్నికలో, మెరుపులో మాత్రం వీటి మధ్య చాలా దూరం ఉంది.

బరువు తగాదా కూడా ఈ పక్షానిదే. జిగురు తీసేస్తే దారం బరువు నాలుగో వంతు తగ్గుతుంది. తూకం మీద అమ్మే వ్యాపారికి అది నష్టం. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికా రంగుల అద్దకం పనివారు తగరపు లవణాలతో ఆ లోటు పూడ్చడం మొదలుపెట్టారు, పోయినదానికంటే ఎక్కువే ఎక్కించారు. అలాంటి గౌన్లు నేడు మ్యూజియాల్లో మడతల వెంబడి చీలికలై రాలిపోతున్నాయి. దారం పురుగుదే, బట్ట బరువులో మాత్రం గణనీయమైన భాగం లోహం. దాన్ని ప్యూర్ సిల్క్ అనవచ్చా? 1930ల్లో అమెరికా వాణిజ్య అధికారులు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొని, బరువెక్కించిన పట్టు సంగతి కొనేవారికి తెలపాలన్న దారి పట్టారు. శుద్ధి అన్న విశేషణం దారానికా, పూర్తయిన బట్టకా అన్న తేడా అలా వ్యాపార నిబంధనల్లోకి ఎక్కింది.

మూడో వాదం: మెరుపు, జారుడే ప్రమాణం

శాటిన్, షిఫాన్, జార్జెట్, ఆర్గాంజా, క్రేప్, టఫెటా అన్నవి దారాల పేర్లు కావు, నేసిన తీరుకూ పోగు పురి తిప్పిన తీరుకూ పెట్టిన పేర్లు. శాటిన్‌లో ఒక పోగు కనీసం నాలుగు పోగుల మీదుగా తేలి వెళ్లడం వల్ల పైముఖం నున్నగా ఉంటుంది. చైనా రేవు పట్టణం చువాన్‌జౌను అరబ్బు వర్తకులు జైతూన్ అని పిలిచేవారు, శాటిన్ పేరు దాని నుంచే వచ్చిందంటారు. ఈ రకాలన్నీ మొదట పట్టుతోనే నేశారు కాబట్టి పేరూ పదార్థమూ కలిసిపోయాయి. తర్వాత పాలిస్టర్‌తో నేసినా పేరు మారలేదు. జార్జెట్ చీర అనగానే పట్టు గుర్తురాని తరం వచ్చింది, శాటిన్ అనగానే పట్టే అనుకునేవారు మాత్రం ఇంకా ఉన్నారు.

ఈ వాదానికి అసలు బలం కృత్రిమ దారాల వల్ల వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన ఇలేర్ ద షార్దొనే 1884లో సెల్యులోజ్ నుంచి మెరిసే దారం తీసి పేటెంట్ పొందాడు, 1889 పారిస్ ప్రదర్శనలో దాన్ని కృత్రిమ పట్టుగా చూపించాడు. 1892లో ఇంగ్లండులో విస్కోస్ వచ్చింది. దాదాపు నలభై ఏళ్లు ఇవన్నీ పట్టు పేరు నీడలోనే అమ్ముడయ్యాయి. 1924లో అమెరికా పరిశ్రమ రేయాన్ అన్న కొత్త పేరు ఎంచుకుంది. 1940లో మేజోళ్లుగా మార్కెట్లోకి వచ్చిన నైలాన్ పట్టు పేరు అరువు తెచ్చుకోకుండానే పట్టు మేజోళ్ల స్థానం ఆక్రమించింది. మన దేశంలో మాత్రం ఆర్ట్ సిల్క్ అన్న పాత పేరు సూరత్ మరమగ్గాల పరిశ్రమతో పాటు నిలిచిపోయింది. ఆర్ట్ అన్నది ఆర్టిఫిషియల్‌కు పొట్టిరూపం. కళాత్మకమైన పట్టని కొనేవారు అనుకుంటే తప్పు వారిది కాదు.

నాలుగో వాదం: మడి, మతం, అహింస

మన ఇళ్లలో పట్టుకు దుకాణంతో సంబంధం లేని మరో విలువ ఉంది. నూలుబట్ట ఆరోజు తడిపి ఆరేస్తేనే మడి. పట్టుబట్టకు ఆ నియమం చాలా ఇళ్లలో సడలుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకూ భద్రాచలం కల్యాణానికీ ప్రభుత్వం తరఫున సమర్పించేవి పట్టువస్త్రాలే. ఇక్కడ పట్టంటే పవిత్రత.

ఇస్లామీయ సంప్రదాయంలో మగవారు శుద్ధమైన పట్టు ధరించడం మీద అభ్యంతరం ఉంది. దానికి సమాధానంగా పుట్టిన నేత మష్రూ. పడుగు పట్టు, పేక నూలు. శాటిన్ నేత వల్ల పట్టు పైకి కనబడుతుంది, ఒంటికి నూలు తగులుతుంది. మష్రూ అంటే అనుమతించినది అని అర్థం. ఒకే బట్టను పట్టు అనీ పట్టు కాదనీ ఒకేసారి చెప్పగలగడం ఆ నేతగాళ్ల ప్రతిభ.

పురుగు ప్రాణం గురించిన వాదం అన్నిటికంటే పాతది. బౌద్ధ వినయ నియమాల్లో పట్టు కలిపిన ఆసనాన్ని భిక్షువులు చేయించుకోకూడదన్న నిషేధం ఉంది. భిక్షువుల కోసం పురుగులను ఉడికించడం జనానికి నచ్చకపోవడమే అందుకు నేపథ్యం. చైనాలో దావోషువాన్ అనే ఆచార్యుడు పట్టును నిషేధించాలన్నాడు. ఏడో శతాబ్దపు యాత్రికుడు ఇత్సింగ్ అంత పట్టింపు అక్కర్లేదని వాదించాడు. ఆ చర్చ 1990ల్లో హైదరాబాదులో కొత్త రూపం తీసుకుంది. చేనేత రంగంలో పనిచేసిన కుసుమ రాజయ్య, పట్టుచిలుక గూడు చీల్చుకుని బయటికి వెళ్లాకే దారం వడికే అహింసా పట్టును తయారుచేసి పేటెంట్ పొందారు.

విమర్శకులకు ఇది చాలదు. వేల ఏళ్ల పెంపకంలో మల్బరీ చిలుక ఎగరడం మరచింది. దానికి తినే నోరూ లేదు, కొద్దిరోజుల్లో చనిపోతుంది. అది పెట్టే వందల గుడ్ల నుంచి వచ్చే పురుగులన్నిటికీ ఆకు దొరకదు. ఎరీని సహజంగానే అహింసా పట్టు అనడమూ అన్నిచోట్లా నిలవదు, ఈశాన్య రాష్ట్రాల్లో ఎరీ ప్యూపాలు ఇష్టమైన ఆహారం. సమర్థకుల జవాబు కూడా తేలికగా కొట్టిపారేయదగినది కాదు: గూటితో సహా ఉడికించడం లేదన్న తేడా అసలైనదే, ఆ మేరకే వారు హామీ ఇస్తున్నారు.

చట్టాలు ఎక్కడ గీత గీశాయి

ఐరోపా సమాఖ్య 2011 నాటి నిబంధన అన్నిటికంటే కచ్చితమైనది. పట్టు స్రవించే కీటకాల నుంచి మాత్రమే వచ్చిన దారం పట్టు. ఏ ఇతర దారానికైనా ఆ పేరును విశేషణంగా కూడా తగిలించకూడదు, తెగని పొడవైన పోగు రూపాన్ని వర్ణించడానికి కూడా వాడకూడదు. అమెరికాలో 1958 చట్టం ప్రతి దారాన్నీ దాని స్వంత పేరుతో, శాతంతో చీటీ మీద రాయాలంది. అక్కడి వాణిజ్య సంస్థ 2009లో వెదురు పేరుతో అమ్మే మెత్తని బట్టల మీద చర్య తీసుకుని, అది వెదురుతో చేసిన రేయాన్ అని రాయాల్సిందేనని తేల్చింది.

మన దగ్గర ఒకే చీర మీద మూడు ముద్రలు కనిపించవచ్చు, మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ దారం అసలు పట్టేనని చెబుతుంది, చేమగ్గమా మరమగ్గమా అన్నది చెప్పదు. 2006 నాటి హ్యాండ్లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది, దారం పట్టే అయి ఉండాలని కాదు. పోచంపల్లి, ఉప్పాడ, గద్వాల వంటి భౌగోళిక గుర్తింపులు ఊరినీ ఆ ఊరి పనితనాన్నీ చెబుతాయి. ఒక్క ముద్ర చూసి మూడు హామీలూ దొరికాయనుకోవడం కొనేవారు చేసే సాధారణ పొరపాటు.

పక్కపక్కన పెట్టి చూస్తే

• మల్బరీ, దసలి, ఎరీ, మూగా: పురుగు ఏదో చెబుతాయి. నేత సంగతి చెప్పవు.

• రీల్డ్, స్పన్, డుపియన్: దారం తీసిన తీరు చెబుతాయి. పురుగు జాతిని చెప్పవు.

• శాటిన్, జార్జెట్, క్రేప్: నేతను, పురిని చెబుతాయి. పట్టో పాలిస్టరో చెప్పవు.

• కంచి, ధర్మవరం, బనారస్: ఊరి సంప్రదాయాన్ని చెబుతాయి. భౌగోళిక గుర్తింపు లేని చీటీ మీద అవి డిజైను పేర్లు మాత్రమే కావచ్చు.

• సీకో, మష్రూ, గద్వాల: పట్టు నూలు కలయికను చెబుతాయి. ఏది ఎంత, ఎక్కడ అన్నది రకాన్ని బట్టి మారుతుంది.

• ఆర్ట్ సిల్క్, సెమీ పట్టు, లిచీ సిల్క్: కంటికి కనిపించే తీరు తప్ప దేనికీ పూచీ ఇవ్వవు.

ఇంట్లో చేసే మంట పరీక్షకూ ఇలాంటి హద్దులే ఉన్నాయి. పట్టుపోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. రేయాన్ కాగితం కాలిన వాసన ఇస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. ఉన్ని కూడా వెంట్రుకలాగే కాలుతుంది. మల్బరీ, దసలి తేడా మంటకు తెలియదు. అంచులో పట్టు, ఒంట్లో మిశ్రమం ఉంటే తీసిన పోగు దాని సంగతే చెబుతుంది తప్ప చీర సంగతి కాదు.

ఇంకా తేలనివి

మొదటిది కలయికల సంగతి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. కుప్పడం పద్ధతిలో ఆ రెంటినీ కలిపే పనితనమే దాని ఘనత. దాన్ని పట్టుచీర అనకపోతే ఆ నేతకు అన్యాయం, అలాగే వదిలేస్తే కొనేవారికి అస్పష్టత. కేవలం దారం శాతాన్ని లెక్కించే నిబంధనకు ఈ చీర లొంగదు.

రెండోది పురుగు లేని పట్టు. 2009లో మడగాస్కర్ సాలీళ్ల దారంతో నేసిన బంగారు రంగు వస్త్రాన్ని న్యూయార్క్‌లో ప్రదర్శించారు. దానికోసం పది లక్షలకు పైగా సాలీళ్ల నుంచి దారం తీశారు. సాలీడు జీవశాస్త్రం ప్రకారం కీటకం కాదు. ఐరోపా నిర్వచనాన్ని అక్షరాలా తీసుకుంటే ఆ దారానికి పట్టు పేరు దక్కడమే సందేహం, శాస్త్రజ్ఞులేమో దాన్ని పట్టు కాక మరోటి అనరు. సూక్ష్మజీవుల చేత పులియబెట్టి ఇలాంటి ప్రోటీన్లు తయారుచేస్తున్న జపాన్ సంస్థ స్పైబర్ తన దారానికి పట్టు పేరు పెట్టకుండా బ్రూడ్ ప్రోటీన్ అన్న పేరు ఎంచుకుంది. రేపు మరో సంస్థ ఫైబ్రాయిన్‌నే అచ్చంగా తయారుచేస్తే పుట్టుక ప్రమాణమా, పదార్థం ప్రమాణమా అన్న పాత ప్రశ్న కోర్టుకెక్కక తప్పదు. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు దగ్గర తామర తూడుల నుంచి తీసే దారం విషయంలో ఆ సందేహం లేదు. అది సెల్యులోజ్, లోటస్ సిల్క్ అన్నది అలంకారపు పేరే. చేతిపనిగా దానికున్న విలువకు పట్టు పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరమూ లేదు.

మూడోది అహింసా పట్టు. పురుగును ఉడికించలేదన్న మాటను దారం చూసి నిర్ధారించే పరీక్ష లేదు. వడికిన దారం వ్యర్థం నుంచి వచ్చిందా, చిలుక వెళ్లిపోయిన గూటి నుంచి వచ్చిందా అన్నది పెంపకం దగ్గర తనిఖీతోనే తెలియాలి.

ఈ మూడూ నిపుణులు తేల్చాల్సినవి. వాటి కోసం ఆగనక్కర్లేని పని ఒకటుంది. దుకాణపు చీటీ మీద దారం పేరు, దాని శాతం, మగ్గం రకం, నేసిన ఊరు వేర్వేరు వరసల్లో తెలుగులో రాయడానికి ఏ పెద్ద వివాదమూ పరిష్కారం కావలసిన అవసరం లేదు. అలా రాస్తే పాలిస్టర్ చీర కొనేవారు తెలిసి కొంటారు. చెన్నూరు దసలి రైతుకూ ధర్మవరం నేతగాడికీ తమ సరుకు అసలు పేరు మీద ధర అడిగే వీలు దొరుకుతుంది.